నీళ్ళ వయసు చెప్పే మా పిన్ని

పిన్ని పోయిందని తెలిసినప్పుడు నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర మా షాపులో ఒక నీళ్ళ మోటారుకి రాగితీగ చుడుతున్నాను. ఫోన్‌లో అమ్మ గొంతు. "అన్నం తినీసి పడుకున్నాదే. టీ ఎట్టి లేపితే లేగనేదు." అంతే. వెనకాల కూర్మన్నపాలెం జంక్షన్ బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. అమ్మ ఫోన్ పెట్టలేదు. నేను చుట్టడం ఆపలేదు. తీగ సగంలో వదిలేస్తే మళ్ళీ మొదట్నించీ చుట్టుకోవాలి. అది పూర్తిచేసి, చేతులు కడుక్కుని బస్సెక్కాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదంటే చెప్పలేను.

ఆ కోపానికి మనిషి సంతాపసభలో దొరికాడు. పిన్ని ఉండే అపార్ట్‌మెంటు వాళ్ళు కింద కుర్చీలు వేసి, ఫ్లెక్సీ కట్టి, మైకు పెట్టారు. మంచివాళ్ళే. కానీ ఫ్లెక్సీ మీద "ఎడారిలో నీళ్ళు కనిపెట్టిన మహిళ" అని వేయించారు. ఒక పెద్దమనిషి మైకు అందుకుని, చేపలు పట్టేవాళ్ళ ఇంట పుట్టిన ఈ తల్లి ఇసుకలో గంగను పారించిందని మొదలెట్టాడు. నేను లేచి నిలబడ్డాను. "మా పిన్ని ఒక్క చుక్క కూడా కనిపెట్టలేదండి. పారించలేదు. పారకుండా ఆపింది" అన్నాను. సభల్లో అలా మాట్లాడకూడదట. ఎవరో నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. అమ్మ ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. వాళ్ళమ్మ తొందరగా పోతే పిన్నిని ఎత్తుకుని పెంచింది అమ్మే, బడికి తోలిందీ అమ్మే. ఆ చదువు పట్టుకుని పిన్ని పై రాష్ట్రంలో ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం తెచ్చుకుంది. భూమి లోపల బాగా లోతున ఉన్న నీళ్ళ వయసు చెప్పడం ఆ ఉద్యోగం. ప్రతి శీతాకాలం పడమటి ఎడారికి వెళ్ళేది. రిటైరయ్యాక అన్నీ సర్దుకుని మా దగ్గరికి వచ్చేసింది. కూర్మన్నపాలెంలో చిన్న ఫ్లాటు అద్దెకి తీసుకుంది.

ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడిగేది. గుటక వేయకుండా కాసేపు నోట్లో ఉంచుకునేది. "ఇది మున్సిపాలిటీ. ఇది బోరు. ఇది రెండూ కలిపేసిన దొంగ" అని చెప్పేది. ట్యాంకరు వస్తే బకెట్టు పట్టుకునే ముందు డ్రైవరుని ఏ ఊరి బోరని అడిగేది. "నీళ్ళు కావాలా, జాతకం కావాలా మేడమ్?" అని వాడు విసుక్కునేవాడు. "జాతకమే కావాలి నాయనా, నీళ్ళు ఎలాగూ ఇస్తావుగా" అనేది. సబ్బవరం వైపు ఏదో తోటలోంచి అని వాడు గొణిగేవాడు. ఆ తోటవాడి బావి ఎండిపోయే దాకా తోడుతున్నారని నేను అరిచేదాన్ని. పిన్ని నా వైపు తిరిగి "ఎలా తెలిసింది?" అనేది.

ఆ ఒక్క మాటతో నన్ను చంపుకుతినేది. నేను పదో తరగతి దగ్గర బడి మానేసి, విప్పిన మోటార్లు చూసి చూసి పని నేర్చుకున్నదాన్ని. నాకు తెలిసింది నాకు తెలుసు. అయినా ఏ మాటన్నా "ఎలా తెలిసింది?" అనేది. తనని ఏదన్నా అడిగితే మాత్రం ముందు "తెలీదు" అనేది, తర్వాత ఆలోచించేది. "తెలీదు అన్నందుకే నాకు జీతం ఇచ్చారు" అని నవ్వేది. నాకు ఒళ్ళు మండేది. కానీ ఆ పోరు పడలేకే, మోటారు విప్పకుండా కాలిపోయిందని చెప్పడం నేను మానేశాను.

ఎడారికి నేను వెళ్ళింది షాపు ఓనరుతో గొడవపడి పని మానేసిన శీతాకాలం. పిన్ని ఇంకా ఉద్యోగంలోనే ఉంది, ఎడారిలో వేసే నీళ్ళ పరీక్షల క్యాంపుకి పెద్ద తనే. "ఆ కోపమేదో వచ్చి నా జనరేటర్ మీద సూపించు. అదీ నీలాగే ఊరికే పొగ కక్కుతాది" అంది. వెళ్ళాను. పిన్ని రొట్టెలు తిని చిక్కిపోయిందని, చూసుకోడానికి అమ్మ కూడా రైలెక్కేసింది. మూటలో నెత్తళ్ళు, వేలెడంత ఎండుచేపలు. క్యాంపులో మిగతావాళ్ళు శాకాహారులు. మొదటి రోజు వేపుడు వాసనకి ముగ్గురు గుడారం వదిలి బయటికి పరిగెత్తారు. అమ్మ అది పొగడ్త అనుకుంది.

మేం దిగిన ఊరికి ఒకటే లోతు బోరు. ఊరంతా, ఒంటెలతో సహా, దాని మీదే బతుకుతుంది. ఆ ఊరి పక్క ఉమ్మడి భూమిలో ఒక కంపెనీ పెద్ద దానిమ్మ తోట వేస్తానంటోంది. తోటకి వరసగా లోతు బోర్లు కావాలి. వానలు పడితే కింది నీళ్ళు మళ్ళీ ఊరతాయని తేలితే తోట వస్తుంది. ఊరవని తేలితే ఊరు ఆ భూమి ఇవ్వకపోవచ్చు. అది తేల్చడమే పిన్ని పని. పైపులు ఎత్తడానికి నాకు సాయం వచ్చినవాడు ఊరి మోటారు నడిపే కుర్రాడు. నా వయసువాడే. "నీళ్ళు కొత్తవని చెప్పమను మీ పిన్నిని. ఇక్కడే పని దొరుకుతుంది, నేను రైలెక్కి ఎక్కడికీ పోనక్కర్లేదు" అనేవాడు హిందీలో. రేవు లారీలవాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీతో "చెబుతాలే" అనేదాన్ని.

నీళ్ళకి వయసేమిటని నేనూ అడిగాను. పిన్ని పొయ్యి పక్కన కూర్చుని చెప్పింది. వాన నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని గాలి నుంచి కార్బన్ కలుపుకుంటుంది. ఆ కార్బన్‌లో ఒక రకం ఉంది, ఐసోటోపు అంటారు, అది కాలంతోపాటు తరిగిపోతుంది. నీళ్ళు గాలికి దగ్గరగా ఉన్నంతకాలం కొత్తది వచ్చి చేరుతుంటుంది. రాతిపొరల కిందికి పోయి గాలితో తెగిపోయాక చేరడం ఉండదు, తరగడమే. ఎంత మిగిలిందో కొలిస్తే ఎప్పుడు తెగిపోయిందో చెప్పొచ్చు. నీళ్ళు కొత్తవైతే వానకి ఊరుతున్నట్టు, మరీ పాతవైతే ఊరడం లేనట్టు.

"ఐసోటోపంటే ఏటి మరి?" అన్నాను.

"అప్పా నానూ లాంటివి. ఒకే ఇంటి పిల్లలం, ఒకే పేరు. బరువులో తేడా."

మా వైపు అప్ప అంటే అక్క. అమ్మ గరిటె పైకెత్తింది. "సూడు సూడు. నీ దిష్టి తగిలే నాను ఇలగైపోనాను."

"నా దిష్టి కాదప్పా, నీ నెత్తళ్ళే."

మోటారు వేయగానే వచ్చే నీళ్ళు పట్టకూడదు. అవి పైపులో నిలవున్నవి. పిన్ని మీటరు ముంచి, నీళ్ళ వేడి, ఉప్పు చూస్తూ గట్టు మీద కూర్చునేది. రెండూ మారకుండా నిలబడితే అప్పుడు అసలు లోతు నీళ్ళు వస్తున్నట్టు. ఈ లోపల పోయే నీళ్ళని ఊరి ఆడవాళ్ళు బిందెల్లో పట్టుకునేవాళ్ళు. మీటరు నిలబడినా, వరసలో ఉన్న చివరి బిందె నిండేదాకా పిన్ని "పట్టు" అనేది కాదు. లోతు నుంచి వచ్చే నీళ్ళు వెచ్చగా ఉంటాయి. ఉదయపు చలిలో ఆ పైపు మూతి దగ్గర ఆవిరి లేస్తుంటే, ఆడవాళ్ళు వంతులు వేసుకుని చేతులు కాచుకునేవాళ్ళు.

ఆ నీళ్ళు తెల్లటి ప్లాస్టిక్ డ్రమ్ముల్లో నింపి, కాస్టిక్ సోడా, ఇంకో మందు కలుపుతారు. నీళ్ళలో కరిగిన కార్బన్ అంతా సున్నంలా విరిగి అడుక్కి దిగుతుంది. దిగడానికి ఒక పూట పడుతుంది. ఆ తెల్లటి మడ్డిని ల్యాబుకి పంపాలి. ఆ పూటంతా మూతలు బిగించి ఉండాలి. ఎందుకంటే మందు కలిసిన ఆ నీళ్ళు గాలి తగిలితే చాలు, గాలిలోని కొత్త కార్బన్‌ని లాగేసుకుంటాయి. ముసలి నీళ్ళు పడుచు నీళ్ళలా కనబడతాయి. మూతలు నేనే బిగించాను, పిన్ని ఒక్కొక్కటీ తిప్పి చూసింది. డ్రమ్ములు నీడలో పెట్టి, కాపలాకి అమ్మని కూర్చోబెట్టి, మేం ఊళ్ళోకి వెళ్ళాం. సాయంత్రం వచ్చి చూస్తే అన్నీ బిగించినట్టే ఉన్నాయి.

తర్వాత వేసవిలో పిన్ని సెలవు పెట్టి వచ్చింది. మనిషి సరిగ్గా లేదు. అమ్మ వేడివేడిగా పులుసు పోసింది. ముగ్గురం నేల మీద కూర్చుని తింటున్నాం. నేను ల్యాబు సంగతి అడిగాను. కార్బన్ లెక్కలో ఆ ఊరి నీళ్ళు మరీ అంత పాతవి కావని వచ్చిందట. ఇంకో పరీక్ష ఉంది, ట్రిషియం అని. ఈ మధ్యకాలపు వాన ఏ కొంచెం కలిసినా అది కనబడాలి. దాని జాడే లేదు. "ఒకే నీళ్ళకి రెండు వయసులొచ్చేయే. పైవాళ్ళు కార్బన్ లెక్క పట్టుకుని రిపోర్టు రాసీసేరు. తోటవాళ్ళు సంబరపడతన్నారు. సంతకం నాది కావాల. తొందరపెడతన్నారు" అంది.

అమ్మకి ఇందులో ఒక్క ముక్కే అర్థమైంది, నీళ్ళకేదో అయిందని.

"నీళ్ళు పాడైపోడం ఏటే? నాను సూసుకున్నాను గదా."

"ఏటి సూసుకున్నావప్పా?"

"మద్దినేల డ్రమ్ముల్లో మూతల కింద సెమట పట్టీసింది. ఎండుసేపల డబ్బాకి అలగే పడతాది. ఒగ్గీస్తే బూజొచ్చీదా కాదా? మీరు ఊర్లోకి ఎల్లీనాక మూతలన్నీ తీసి గాలి సూపించేను. మీరొచ్చీ యేలకి బేగి బిగించీసేను. సెప్తే కసురుతావని సెప్పనేదు."

ఎండుచేపలు అమ్మేవాళ్ళు తప్ప ఈ లోకంలో ఇంకెవరూ చేయని పని అది. గోడకి ఆనించిన డబ్బాలకి మధ్యాహ్నం మూతలు తీసి గాలి చూపించడం మా ఇళ్ళలో పిల్లలకి కూడా తెలుసు. పిన్ని చిన్నప్పుడు ఆ డబ్బాల మధ్యే ఆడుకుంది.

పిన్ని చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నేను తన మొహమే చూస్తున్నాను. ముందు కనబడింది కోపం కాదు, నిమ్మళం. రెండు వయసుల చిక్కు విడిపోయింది కదా. ఆ వెనకాలే భయం వచ్చింది. నేను నోరు తెరిచాను. కంచం పక్క నుంచి పిన్ని కాలితో నా మోకాలి మీద తన్నింది.

"మంచి పని సేసేవప్పా. బూజు పట్టీను" అని ముద్ద నోట్లో పెట్టుకుంది. "ఇంకాస్త పులుసు పొయ్యి."

తిన్నాక పిన్నీ నేనూ ఒడ్డుకి నడిచాం. అక్కడ మొత్తుకున్నాను. ఆ డ్రమ్ములు మళ్ళీ నింపాలంటే ఇంకో శీతాకాలం ఆగాలి. రిపోర్టు వెనక్కి తీసుకుంటే పిన్ని పరువు పోతుంది. వచ్చే ఏడు తనకి రావాల్సిన పెద్ద కుర్చీ పోతుంది. ఏమీ తెలీనట్టు సంతకం పెట్టేస్తే ఆ కుర్రాడికి తోటలో పని దొరుకుతుంది, పిన్నికి కుర్చీ దొరుకుతుంది.

"నువ్వు సెప్పకపోతే ఎవులికి తెలుస్తాది పిన్నీ?"

"నీళ్ళకి తెలుసు గదే. అయ్యి అయిపోయిన రోజున వాళ్ళకీ తెలుస్తాది. అప్పుడు నాను ఉండను."

"పోనీ అమ్మ సేసిందని సెప్పు. చదువు రాని మనిషి, తెలీక సేసింది. నిన్నెవులూ ఏటీ అనరు."

"క్యాంపు నాది. మూతలు నావి. అప్పని కూర్చోబెట్టింది నాను, ఎందుకు తీయకూడదో సెప్పకుండా." చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. "ఆ సేతులతోనే గదే నన్ను ఎత్తుకుంది. నువ్వూ సెప్పకు."

మర్నాడే సంస్థకి ఫోన్ చేసి, తన క్యాంపులో మూతలు తెరుచుకున్నాయని, ఆ లెక్క చెల్లదని చెప్పేసింది. ఎవరు తెరిచారంటే "క్యాంపు నాది" అన్న మాటే. కుర్చీ ఇంకొకరికి వెళ్ళింది. పిన్ని క్యాంపుని "నెత్తళ్ళ క్యాంపు" అని పిలవడం మొదలెట్టారట తోటివాళ్ళు. అది చెప్పి తనే నవ్వేది. నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు.

మరుసటి శీతాకాలం అదే ఊరు వెళ్ళాం. ఈసారి పిన్ని ఇంకొకరి కింద. అమ్మని ఇంటి దగ్గరే ఉంచాం, నడుం నొప్పి వంకతో. డ్రమ్ముల దగ్గర నేను పూటంతా కదలకుండా కూర్చున్నాను. ఈసారి రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పాయి. ఆ నీళ్ళు మనుషులు వ్యవసాయం ఎరగని కాలంలో పడ్డ వానవి. అప్పుడు ఆ నేల ఎడారి కాదు. ఇప్పటి వాన అంత లోతుకి దిగడంలేదు. తీసిందంతా తీసినట్టే, మళ్ళీ ఊరదు.

రిపోర్టు పంపేసి ఊరుకోవచ్చు. పిన్ని అలా ఊరుకోలేదు. సొంత ఖర్చుతో నన్ను తీసుకుని మళ్ళీ వెళ్ళింది. బడి వరండాలో జనాన్ని కూర్చోబెట్టి, పోయిన ఏడాది పరీక్షలో తన క్యాంపులో తప్పు జరిగిందని ముందు చెప్పింది. ఆ తర్వాత నీళ్ళ వయసు చెప్పింది. వెనక వరసలో మోటారు కుర్రాడు లేచాడు.

"తప్పు మీది, పని పోయింది నాది. మీరు రైలెక్కి వెళ్ళిపోతారు. నేనూ ఎక్కాలి, కూలికి."

పిన్ని "అవును" అంది, అంతే. నాకు వాడి పక్కన వెళ్ళి నిలబడాలనిపించింది. ఇప్పుడైనా అదే అనిపిస్తుంది. దాహం ఇవాళ్టిది. కూలి ఇవాళ్టిది. వేల ఏళ్ళ లెక్కలు చెప్పి ఇవాళ్టి మనిషిని ఆగమనడం ఏం న్యాయం? మా స్టీల్ సిటీలో పైపులు ఎక్కడికి ఎన్ని నీళ్ళు మోస్తున్నాయో, మా బస్తీ కుళాయికి ఎన్ని చుక్కలు వస్తున్నాయో చూస్తున్నదాన్ని నేను. ఆగమని ఎప్పుడూ లేనివాడికే చెబుతారు.

అప్పుడు వాడి అమ్మమ్మ నోరు విప్పింది. ముసుగు కొంచెం పైకి జరుపుకుని పిన్నిని అడిగింది. "నాకంటే పెద్దవా ఆ నీళ్ళు?"

"మీ అమ్మమ్మకి అమ్మమ్మ కంటే పెద్దవి. ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి."

ఆవిడ మనవడి వైపు తిరిగింది. "దాహమేస్తే తాగుతాం. రొట్టె పిండిలో కలుపుతాం. అంతేగానీ అంత పెద్దదాన్ని తోట పనికి తోలతారట్రా? నన్ను తోలు మరి ముందు, చూస్తాను."

జనం నవ్వారు. కుర్రాడు నవ్వలేదు. ఊరు భూమి ఇవ్వలేదు. ఆ కంపెనీ ఇంకెక్కడో తవ్వుతూనే ఉంటుంది, గెలిచామని నేను చెప్పను. ఆ ఒక్క బోరు మాత్రం ఇంకా తాగడానికి నీళ్ళిస్తోంది.

తిరుగు రైల్లో చాలా దూరం వచ్చాక ఉండబట్టలేక అడిగాను. "వాడి నోటి దగ్గర కూడు లాగీసేవు. నీకేటనిపించడంనేదా?"

"లాగీసేనేమో. తెలీదు" అంది. కిటికీలోంచి చూస్తూ ఇంకో మాట అంది. "దొంగ వయసు సెప్పి ఔననిపించుకోడం మాత్రం నా వల్ల కాదే. నిజం సెప్పినాక వాళ్ళు తోడీసుకున్నా నాకు నిద్ర పట్టీది."

సంతాపసభ నుంచి వచ్చాక నేను అమ్మకి అంతా చెప్పేశాను. ఇది రాయాలంటే ముందు తనకి చెప్పాలి. పిన్ని మాట దాటాను, దాటాలనే దాటాను. అమ్మ ఎండుచేపలు తిరగేస్తూ విన్నది.

"అయితే దాని ఉజ్జోగం నా సేతుల్లోంచే పోనాదా?"

"ఉజ్జోగం పోనేదమ్మా. పెద్ద కుర్చీ పోనాది."

అమ్మ మిగిలిన చేపలన్నీ తిరగేసింది. తర్వాత చెల్లెల్ని తిట్టింది. నోటికొచ్చినట్టు, ఎదురుగా ఉన్నట్టే తిట్టింది. "నాకు సెప్తే నాలుగు కసిరీసి ఊరుకుందువు గదే! నానూ నాలుగు ఏడిసీసి ఊరుకుందును. ఇన్నాళ్ళు ఒక్కర్తివీ మోసీసేవేటే!" అప్పుడు ఏడ్చింది. పోయిన రోజున కూడా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నాకూ వచ్చింది.

మరో రెండు రోజులకి ఎడారి నుంచి ఫోన్. ఆ కుర్రాడు. ఏడాదిలో సగం ఎక్కడో కూలికి పోతాడు, ఊళ్ళో ఉన్నప్పుడు మోటారు ఇప్పటికీ వాడే నడుపుతాడు. కబురు ఎలా చేరిందో తెలీదు. నన్ను ఓదార్చలేదు, అలాంటి మాటలు వాడికీ రావు. "ఈ పూట మోటారు వేయొద్దంది అమ్మమ్మ. వేయలేదు. అందరూ వచ్చి నిలబడ్డారు. విను" అని ఫోన్ అక్కడే పట్టుకున్నాడు.

నేను స్పీకర్ పెట్టాను. అమ్మ లాక్కుని చెవికి గట్టిగా ఆనించుకుంది.

"ఏటీ ఇనపడ్డంనేదే."

"మోటారు ఆపీసేరమ్మా. పిన్ని కోసం."

అమ్మ ఫోన్ తిరిగి ఇవ్వలేదు. అలాగే కూర్చుంది. పక్కనున్న నాకూ కొంచెం కొంచెం వినిపిస్తోంది. ఇసుక మీద గాలి, ఎక్కడో ఒంటె మెడలో గంట, వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ చేతుల్లో ఖాళీ బిందెలు ఒకదానికొకటి మెల్లగా తగులుతున్న చప్పుడు.